ఏటి మొగకా

"ఇంకోసారి పెట్టండి," అంది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జ్ఞానసుందరి.

నరసింగరావు పెట్టాడు, విసుగు దాచుకోకుండా. దాచుకోవాల్సిన అవసరం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ రాలేదన్నట్టుంటాడు మనిషి. తూర్పుతీర మిలిటరీ అకాడమీలో తెరచాప పడవల శిక్షణకి ఇన్‌ఛార్జి ఆయనే. మొన్న ఆదివారం ఆ శిక్షణలో దీవెన అనే కేడెట్ మునిగి చచ్చిపోతే, ఆ చావు మీద అకాడమీ విచారణ కూడా తీసుకెళ్ళి ఆయన చేతిలోనే పెట్టారు. ఇదెక్కడి చోద్యమయ్యా అని అడిగే నాథుడు లేడు.

స్పీకర్లోంచి ముందు గర్రుమని చప్పుడు. తర్వాత ఓ కుర్రవాడి గొంతు.

"ఏటి మొగకా."

మళ్ళీ చప్పుడు. అంతే.

"ఎన్నిసార్లు విన్నా అదే మాట మేడం. ఏటి మొగ. ఏరు పోయి సముద్రంలో కలిసే చోటు. ఏట్లో ఎర్రగుడ్డలు కట్టిన వెదురు గెడలు పాతాం చూశారా, అవి దాటితే ఇంటికి పంపించేస్తామని మొదటి రోజే చెబుతాం. ఈ గోపి పడవలో పక్కనున్న దీవెన ముందు హీరో అవ్వాలనుకున్నాడు. ఏటి మొగకా, పోదామా అని ఊరించాడు. వాకీటాకీ బటన్ నొక్కుకుపోయి ఉండబట్టి దొరికాడు."

"పోదామా అన్న మాట ఇందులో లేదు."

"వాడి సంతకం ఉందిగా. నా ఇష్టంతోనే హద్దు దాటాను, దీవెన చావుకి నేనే కారణం అని రాసిచ్చాడు."

"ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టుకుని పడున్నవాడి చేత సంతకం పెట్టించారు."

"చెయ్యి బాగానే ఉంది వాడిది," అన్నాడు నరసింగరావు.

జ్ఞానసుందరికి ఒళ్ళు మండింది. కానీ మండి ఏం లాభం? ఎస్పీగారు పొద్దున్నే ఫోన్ చేసి తేల్చేశారు. నేరం ఒప్పుకుంటూ కాగితం వచ్చాక ఇంకా నానబెట్టడం దేనికమ్మా, సాయంత్రంలోగా గోపి అరెస్టు చూపించు అన్నారు. అంటే బేడీలు పట్టుకుని శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్ళాల్సింది తనే. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. మిలిటరీ ఆఫీసరు అవుదామని వచ్చినవాడు జైలుకి పోతాడు, పేరుకి హంతకుడన్న మాట తగిలించుకుని.

"ఆ గర్రుమనే చప్పుడేమిటి?"

"గాలి."

"మిగతా రికార్డింగులో లేదే. 'నాలుగో నంబర్ పడవ రెడీ సార్', 'గాలి తూర్పు నించి సార్', 'జాకెట్లు చూసుకున్నాం సార్' అంటున్నాడు, గొంతు గంటలా ఉంది. ఈ ఒక్క మాటకి ముందూ వెనకా మాత్రమే గాలి వచ్చిందా?"

"మీరు పోలీసా, సంగీతం టీచరా మేడం?" అని నవ్వాడాయన. తాతల నాటిది బొబ్బిలే అయినా హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. ఇక్కడి పిల్లలు మాట్లాడుతుంటే పక్కనున్నవాళ్ళని అర్థం అడుగుతాడని అకాడమీలో అందరూ చెప్పుకుంటారు.

ఆ మాటకొస్తే జ్ఞానసుందరి మాత్రం ఏం తక్కువ తింది? మిషన్ బోర్డింగు స్కూల్లో పెరిగింది. ఏటి అంటే అరచేతి మీద స్కేలుతో కొట్టి, ఏమిటి అనిపించేదాకా వదిలేది కాదు వార్డెనమ్మ. ఈ జిల్లా పిల్లే అయినా నాలుక మీంచి ఈ జిల్లాని తుడిచేశారు. ఆమెకి కూడా ఆ టేపులో ఏరే వినపడింది.

బయటికొస్తే గేటు దగ్గర రేకుల షెడ్డు కింద ఏసుదానం కూర్చుని ఉన్నాడు. దీవెన తండ్రి. గజపతినగరం బజార్లో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. నిన్న కూతుర్ని మట్టి చేసి, ఇవాళ పొద్దున్నే బస్సెక్కి మళ్ళీ వచ్చేశాడు. దేనికొచ్చాడో ఆయనకే తెలిసినట్టు లేదు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట అడగమంటారా? మా పాపకి ఈతొచ్చును కదా. బట్టలతోటి, బూట్లతోటి ఈ గట్టు నించి ఆ గట్టుకి ఈదితేనే పడవ ఎక్కనిచ్చినారని ఎంత సంబరంగా సెప్పిందనుకున్నారు. మరి ఎలాగ పోయిందమ్మా? దగ్గిర్లో ఎవులూ నేరా? తాడుముక్క ఇసిరీవోళ్ళే నేరా?"

"ఎవరూ లేరు ఏసుదానంగారూ," అంది జ్ఞానసుందరి. ఆ మాట ఆయనకి కాస్త ఓదార్పు అవుతుందని అనుకుంది. ఎవరూ లేకపోతే ఎవర్నీ తిట్టుకోనక్కర్లేదు కదా.

"ఆ గోపీ కుర్రోడు మంచోడేనమ్మా. మా పాప సెప్పీది. సుక్కాని ఆడు పట్టుకుంటే బయమే ఉండదనీది." ఆయన మళ్ళీ కూలబడ్డాడు. ఆమె అక్కడ నిలబడలేక జెట్టీ వైపు నడిచింది.

జెట్టీ దగ్గర ఎల్లాజీ రెస్క్యూ బోటు కడుగుతున్నాడు. కడిగిన చోటే కడుగుతున్నాడు. గోపి తండ్రి. ఒకప్పుడు సముద్రం మీద చేపల వేటకెళ్ళినవాడు, ఇప్పుడు అకాడమీలో ఆ బోటు నడుపుతాడు. నిన్న స్టేషనుకొచ్చి ఆమె కాళ్ళ మీద పడి, నా కొడుకు తప్పు సెయ్యనేదమ్మా, ఎలాగైనా బయటెయ్యండని బోరుమన్నది ఇతనే. ఆ ఏడుపు చూశాకే జ్ఞానసుందరి ఈ కేసుని మూసెయ్యకుండా ఆపింది.

"ఎల్లాజీ, రూలు చెప్పు. పడవలు నీళ్ళల్లో ఉంటే ఈ బోటు ఎక్కడుండాలి?"

"పడవల మజ్జిన, ఇంజను ఆపకండా. ఆరు పడవలకి ఒక బోటు. ఏ పిల్లోడు పడినా సిటికెలో ఎల్లిపోవాల."

"నువ్వు పక్కకి వెళ్ళాల్సొస్తే?"

"జెట్టీ మీద ఎర్రజెండా ఎగరెయ్యాల. జెండా ఎగిరితే ఎక్కడి పడవలక్కడ ఒడ్డుకొచ్చెయ్యాల."

"మొన్న ఎగరేశారా?"

"నేదు."

"అంటే నువ్వు పక్కకి వెళ్ళలేదు."

"ఎల్నేదమ్మా. జెట్టీ కాడే ఉన్నాను."

"నీ కొడుకు నీ కళ్ళ ముందు గెడలు దాటి పోతుంటే?"

ఎల్లాజీ చేతిలో గుడ్డ ఆగింది. "సూడ్నేదమ్మా."

"సముద్రం మీద చేపల గుంపు ఎక్కడుందో నీళ్ళ రంగు చూసి చెప్పేవాడివి. ఏట్లో పోతున్న తెల్ల తెరచాప కనపడలేదా నీకు?"

"సూడ్నేదు తల్లీ. సూడ్నేదంటన్నాను కదా!"  మళ్ళీ కడగడం మొదలెట్టాడు.

కొడుకుని కాపాడమని ఏడ్చినవాడు, కొడుక్కి పనికొచ్చే ముక్క ఒక్కటీ చెప్పడం లేదు. ఇదెక్కడి తండ్రి అనుకుంది జ్ఞానసుందరి. చిరాకు పడింది కూడా. ఆ చిరాకుని తర్వాత తల్చుకుని చాలా బాధపడింది.

నాలుగో నంబర్ పడవని షెడ్డులో బోర్లించి పెట్టారు. హెడ్ కానిస్టేబుల్ ధనలక్ష్మి, ఇంకో ఇద్దరూ కలిసి దాన్ని వెల్లకిలా తిప్పారు. ధనలక్ష్మి కళింగపట్నం వైపు మనిషి, ఇరవై ఏళ్ళ సర్వీసు, నోరు తెరిస్తే ఊరంతా వినపడుతుంది. ఈలోగా నరసింగరావు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, తన కొట్లో సరుకు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నట్టు.

తెరచాప కట్టే తెరకొయ్య విరిగింది. చుక్కాని ఊడింది. అవన్నీ అలలు చేసిన పని, వాటిని చూసి తెలిసేదేం లేదు. జ్ఞానసుందరి వంగి కూర్చునే బల్ల కిందికి టార్చి వేసింది. పడవ మునిగిపోకుండా బల్లల కింద థర్మోకోల్ దిమ్మలు కట్టి ఉన్నాయి. కుడివైపు దిమ్మ బాగుంది. ఎడమవైపు దిమ్మ నడుమ పెద్ద గుంట.

"ఎలకలు," అన్నాడు నరసింగరావు వెనకనించి.

"మీ ఎలకలు కొలత పెట్టి కొరుకుతాయా?" గుంట నాలుగు పలకలుగా ఉంది, ఏదో డబ్బా అడుగు ఆనించినట్టు. ఆమె వేలు పెట్టి చూసింది. అంచులు కొరికినట్టు లేవు. కరిగి, జిగురులా సాగి, మళ్ళీ గట్టిపడ్డాయి. "ధనలక్ష్మీ, థర్మోకోల్ దేనికి కరుగుతుంది?"

"పెట్రోలుకి మేడం. మా సిన్నోడు స్కూలుకి తాజ్‌మహల్ సేసి, దాని మీద పెట్రోలు ఒలకబోసుకున్నాడు. గుమ్మటం దిగిపోనాది."

"పెట్రోలు కేను. మూత సరిగా పట్టలేదు, కారింది. ఇక్కడ పెట్టి తీసుకెళ్ళారు." జ్ఞానసుందరి లేచి నరసింగరావు ముందుకొచ్చి నిలబడింది. "తెరచాప పడవ గాలితో పోతుంది. దానికి పెట్రోలు దేనికండీ?"

ఆయన ముఖంలో నవ్వు లేదిప్పుడు. "ఎప్పుడో పడుంటుంది. పాత పడవ."

"ఈ దిమ్మలు పోయిన వారమే కొత్తవి వేయించానని పొద్దున మీరే చెప్పారు. భద్రతకి మేమెంత ఖర్చయినా వెనకాడమని కూడా చెప్పారు."

నరసింగరావు బయటికి, జెట్టీ వైపు ఓసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మేడం, మీరు తవ్వుతున్న గోతిలో ఎవరు పడతారో ఒకసారి ఆలోచించుకోండి. మేం మాత్రం పడం," అన్నాడు. అనేసి ఫోను చెవిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. బెదిరింపులు ఆమెకి కొత్త కాదు. కానీ ఇందులో బెదిరింపు కంటే జాలి ఎక్కువ వినపడింది, అదే ఆమెని కంగారు పెట్టింది.

ఆమె షెడ్డు బయటికొచ్చి ఆలోచించింది. ఈ అకాడమీ నీళ్ళల్లో ఇంజనున్నది ఒక్క రెస్క్యూ బోటుకే. పెట్రోలు కేన్లు ఉండేది ఈ షెడ్డులోనే. బోటు జెట్టీ దగ్గరే ఉంటే కేను చేత్తో పట్టుకుని నాలుగడుగులు నడిస్తే సరిపోయేది. దాన్ని పడవలో పెట్టుకుని పోయారంటే బోటు జెట్టీ దగ్గర లేదు. ఎక్కడో దూరాన, పెట్రోలు అయిపోయి నిలబడిపోయింది.

"ధనలక్ష్మీ, పద. ఒక పడవ మాట్లాడు. మొగకి పోదాం."

ధనలక్ష్మి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏటి, మొగకా?"

జ్ఞానసుందరి నిలబడిపోయింది.

"ఏమన్నావు?"

"అయ్యబాబో, తప్పైపోనాది మేడం. గాబరాలో మేడం అనకండా అనీసినాను. ఆ మొగలో ఇప్పుడు ఎలాగుంటాదో..."

"ఏమన్నావో మళ్ళీ అను. అలాగే అను."

"ఏటి... మొగకా... అన్నాను."

అదే. అక్షరం తేడా లేదు. టేపులో ఉన్నది ఏరు కాదు. వార్డెనమ్మ స్కేలుతో కొట్టి మాన్పించిన మాట. ఏమిటి, మొగకా? నన్ను అక్కడికి రమ్మంటున్నావా? ఎవరో ఏదో చెబితే నమ్మలేక, ఇంకోసారి అడిగినవాడి గొంతు అది. ముందు వచ్చిన గర్రుమనే చప్పుడు గాలీ కాదు, గాడిద గుడ్డూ కాదు. అది అవతలి మనిషి. ఆఫీసులో ఉన్న వైర్‌లెస్ సెట్టుకి అందనంత దూరాన, ఇసకదిబ్బల అవతల, మొగలో ఉన్న మనిషి. మధ్యలో ఉన్న గోపికి మాత్రం ఆ మాట అందింది.

గోపి హద్దు దాటలేదు, పిలిస్తే వెళ్ళాడు. జ్ఞానసుందరికి గెంతెయ్యాలనిపించింది. ఒక్క క్షణం, అంతే. ఆ వెనకే ధనలక్ష్మి అన్న ఇంకో ముక్క వచ్చి తగిలింది. మేడం అనకుండా అనేశాను.

సార్ అనకుండా ఒక్క మాటా మాట్లాడడు గోపి. రెడీ సార్, తూర్పు సార్, చూసుకున్నాం సార్. నిద్రలో లేపినా సార్ అనేలా తయారు చేస్తారు వీళ్ళు. అలాంటివాడు వాకీటాకీలో, డ్యూటీలో, ఉత్త 'ఏటి' అన్నాడు. ఆఫీసర్ని ఎవడూ అలా అడగడు. ఇంట్లో మనిషిని అడుగుతాడు. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు అడిగినట్టు అడుగుతాడు.

జెట్టీ వైపు తిరగాలంటే ఆమెకి మెడ రాలేదు. తిరిగింది. ఎల్లాజీ కడగడం మానేసి, బోటు అంచున కూర్చుని, ఆమెనే చూస్తున్నాడు. షెడ్డులో మాటలన్నీ వినపడే దూరమే అది.

"నువ్వేనా పిలిచింది?" అంది దగ్గరికెళ్ళి.

ఎల్లాజీ తల ఊపాడు. దాచే ఓపిక అయిపోయినట్టుంది. ఏడవలేదు కూడా.

"కమాండెంటుగారి సుట్టాలొచ్చినారమ్మా, పిల్లాజెల్లాతోటి. డాల్ఫిన్లు సూపించమన్నారు. బోటు ఇది ఒక్కటేనండి, ఇక్కడ పిల్లలు పడవల్లో ఉన్నారండి, పెట్రోలు కూడా సాలదండి అన్నాను. ఎల్లెళ్ళు, బేగి వచ్చీవచ్చులే అన్నాడు నరసింగరావుగారు. జెండా ఎగరేస్తే సుట్టాల ముందు బాగోదన్నాడు. మొగ దాటినాక ఇంజను ఆగిపోనాది. కెరటాల మీదకి కొట్టుకుపోతన్నాం. బోట్లో సంటిపిల్లలు. ఆఫీసుకి పిలిస్తే అందట్నేదు. ఏటి సెయ్యాలో తోచక నా కొడుకుని పిలిచినాను. బాబూ, షెడ్డులోంచి ఒక కేను అట్టుకుని మొగకి రారా అన్నాను. ఏటి, మొగకా అన్నాడు. రారా నాయనా అన్నాను."

"మరి ఇదంతా నిన్న నాకెందుకు చెప్పలేదయ్యా?"

"సెప్పీస్తానన్నాను. ఆడే పడనివ్వనేదు. నానే ఎల్లాననీసి సంతకం ఎట్టీసినాడు. నిజం బయటికి రాకండానే ఆడిని బయటెయ్యగలరేమోనని మీకాడికొచ్చినాను. బుద్ది నేదు నాకు."

"ఇప్పుడు చెప్పు. నా ముందు చెప్పింది మేజిస్ట్రేటు ముందు చెప్పు. నువ్వు పిలిచావు, నిజమే. కానీ బోటు పంపింది వాళ్ళు, జెండా ఆపింది వాళ్ళు. నీ కొడుకు బయటికొస్తాడు. నీ మీద పెద్దగా ఏముంది?"

"ఉన్నాది తల్లీ."

ఎల్లాజీ బోటులోకి వంగి ఓ తాడు చుట్ట పైకి తీశాడు. నారింజరంగు తాడు, ఒక చివర తేలే బిళ్ళ. మునిగేవాళ్ళకి విసిరేది.

"కెరటం లేచి పడవ తిరగబడిపోనాది. ఇద్దురూ నీళ్ళల్లో ఉన్నారు. తాడు ఇదొక్కటే. ఆ దీవెన గుంట నాకు దగ్గిర. జాకెట్ తెరకొయ్యకి తగులుకుని, లాగుకోలేక, ఎల్లాజీ మావా అని పిలిచింది. నన్ను మావ అనీది. నా కొడుకు దూరం." అతను తాడుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "దూరానికే ఇసిరినాను."

జ్ఞానసుందరి బోటు అంచున అతని పక్కన కూర్చుంది.

"ఆడు కేను కూడా వదల్నేదమ్మా. నానడిగినాను కదా, అట్టుకొచ్చినాడు. పైకి లాగినాక, దీవెనకెయ్యి నాన్నా, దీవెనకెయ్యి అని అరిసినాడు. మళ్ళీ ఇసిరేసరికి పిల్ల నేదు. అప్పట్నించి ఆడు నాతోటి మాటాడ్డం మానీసినాడు. సంతకం ఎట్టిన రోజున ఒక్క మాటన్నాడు. ఆ తాడు నాకొచ్చింది కాబట్టి జైలుకి నానే ఎల్తానన్నాడు."

దూరంగా ఆఫీసు వరండాలోంచి నరసింగరావు ఇటే చూస్తున్నాడు. గోతిలో ఎవరు పడతారో ఆయనకి ముందే తెలుసు. బోటులో ఉన్న చుట్టాలందరూ చూశారు కదా, చెప్పకుండా ఉంటారా. ఈ తండ్రి నోరు తెరవడన్న ధీమాతోనే ఆ కాగితం రాయించాడు. జ్ఞానసుందరికి ఆ క్షణాన అతని మీద కోపం కూడా పూర్తిగా రాలేదు. ఈ కేసు గెలిస్తే ఏం గెలిచినట్టు అన్న ఒక్క ఆలోచనే మిగిలింది. కొడుకుని జైలు నించి బయటికి తెస్తే, తండ్రి ఏం చేశాడో ఊరంతా వింటుంది. గేటు దగ్గర కూర్చున్నాయన కూడా వింటాడు.

"పద," అంది.

బేడీలు బయటికి తియ్యలేదు. ఎల్లాజీ తాడు చుట్ట చేత్తో పట్టుకునే వెనక నడిచాడు. పెట్టెయ్యమని ధనలక్ష్మి అన్నా వదల్లేదు.

గేటు దగ్గర ఏసుదానం వీళ్ళని చూసి లేచాడు. ఈసారి ఇన్‌స్పెక్టర్ని దాటుకుని నేరుగా ఎల్లాజీ దగ్గరికే వచ్చాడు. వచ్చి, తాడున్న చేతుల్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"గోపీ నాన్నవి నువ్వే కదా బాబూ? ఎలాగున్నాదీ కుర్రోడికి? ఆడి మీద నాకు కోపం నేదని సెప్పు. నాదెలాగూ పోనాది. నీదైనా బతకాల."

ఎల్లాజీ మోకాళ్ళ మీద కూలిపోయాడు. ఏసుదానం చేతులు వదల్లేక తనూ వంగిపోయాడు. నేల మీద విప్పుకుపోయిన తాడు వైపు చూశాడు. అర్థం కాలేదు. తలెత్తి జ్ఞానసుందరిని చూశాడు.

"ఏటమ్మా?" అన్నాడు. "ఏటైనాది?"

ఆమె జేబులో ఫోను మోగుతోంది, ఎస్పీగారై ఉంటారు. మోగనిచ్చింది. పొద్దున ఇదే మనిషికి, ఇదే చోట నిలబడి, ఎవరూ లేరు అని చెప్పింది. ఇప్పుడు ఆ మాట తనే వెనక్కి తీసుకోవాలి.

"ఏసుదానంగారూ, కూర్చోండి," అంది. "తాడు ఉంది."